పేరు అడగని టికెట్

నిడదవోలు స్టేషన్లో టికెట్లు లేకుండా పోయి చాలా ఏళ్లయింది. గేటే మనిషి ముఖం చూసి లోపలికి పంపుతుంది, ఎక్కడికి వెళ్తున్నారో ఆ క్షణమే ఇంట్లోవాళ్ల ఫోన్లకు చెబుతుంది. అది అందరికీ అలవాటైపోయింది. గేటు మొరాయించిన రోజు పనికొస్తుందని ఒక పాత టికెట్ మిషను మాత్రం మూల కౌంటర్లో ఉంచారు. దాని ముందు కూర్చోవడమే దయామణి ఉద్యోగం.

ఆ మధ్యాహ్నం ఒకామె పసిబిడ్డను చంకనేసుకుని, గేటుకు కనబడకుండా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చింది.

"కాగితం టికెట్ ఇస్తారాండి?"

"గేటు బాగానే పనిచేస్తోంది కదమ్మా, అటెళ్లు."

"అటెళ్తే మా ఆయనకి తెలిసిపోద్దండి. నేను దిగేసరికి అక్కడుంటాడు."

బిడ్డ లాగితే కొంగు జారింది. ఒక కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయి ఉంది.

గేటు పనిచేస్తుండగా టికెట్ కొడితే పైవాళ్లు ఊరుకోరని దయామణికి తెలుసు. అయినా మిషను ఆన్ చేసింది.

"ఏ ఊరమ్మా?"

"పార్వతీపురం. మా పిన్ని ఉందండి."

మిషను గరగరలాడి టికెట్ బయటికి తోసింది. దయామణి తన తాళంతో పక్కగేటు తీసి, వాళ్లిద్దరినీ రైలెక్కించి వచ్చింది.

అరగంట తర్వాత కౌంటర్లో ఫోను మోగింది.

"ఎవరికి కొట్టారు టికెట్?" అన్నాడు పై అధికారి.

"తెలీదండి. ఈ మిషను పేరడగదు."

"రేపు ఆఫీసుకొచ్చి సంజాయిషీ ఇచ్చుకోండి."

"అలాగేనండి," అంటూ ఆమె గోడ గడియారం వైపు చూసింది. రైలు ఈపాటికి గోదావరి వంతెన దాటుతూ ఉంటుంది.