చిల్లుల బిస్కెట్లు

"మళ్లీ ముద్దగా కలిసిపోయాయి," అంది అలేఖ్య, ఓవెన్‌లోంచి ట్రే బయటికి లాగుతూ.

స్పూనుకీ స్పూనుకీ మధ్య బెత్తెడు ఎడం వదలాలని ఆమెకి తెలుసు. వెన్న, పంచదార, ఓట్స్ కలిపిన ఆ పిండి వేడికి దానంతటదే పాకి, ఒళ్లంతా చిల్లులు పడి, లేసు గుడ్డలా పలచబడుతుంది. పెళ్లయిన ఈ ఆరేళ్లలో కళ్లు మూసుకుని చేసిన పనే. ఇవాళ ధ్యాస లేక దగ్గరదగ్గరగా పడ్డాయి.

"అంచున ఉన్న రెండూ బానే వచ్చాయి వదినా. ఇవ్వు, పైన పెట్టొస్తాను," అన్నాడు మరిది శరత్‌చంద్ర, గుండు మీద చెమట తుడుచుకుంటూ.

అతని అన్న రఘురామ్‌కి ఇవాళ పెద్దకర్మ. ప్రత్తిపాడులో రఘురామ్‌కి విత్తనాల కొట్టు ఉండేది. అతను అమ్మిన మిరప విత్తనం మొలిచింది గానీ కాయలేదు. రైతులు కేసు పెట్టారు. పోలీసులు రెండోసారి ఇంటికొచ్చి వెళ్లిన మర్నాడు, కొత్తపట్నం సముద్రం ఒడ్డున అతని బైకూ చొక్కా చెప్పులూ కనిపించాయి. మనిషి దొరకలేదు. జాలర్లు వెతికి వెతికి పెదవి విరిచారు. అప్పటిదాకా తిట్టినవాళ్లే, పాపం పరువు కోసం ప్రాణం తీసుకున్నాడన్నారు. మన ఊళ్లలో మంచివాడనిపించుకోవడానికి అంతకన్నా దగ్గర దారి లేదు.

చిన్నకర్మ నాడు విస్తట్లో అన్నం, గారెలు, మటన్ కూర, అతను కాల్చే సిగరెట్లు, అన్నీ పెట్టారు. కాకి డాబా పిట్టగోడ మీద వాలింది, చూసింది, ముట్టకుండా పోయింది. ఇవాళ పొద్దుట్నుంచీ అదే వరస. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ఎంగిలిపడరు.

అప్పుడు అత్తగారు కనకలక్ష్మే గుర్తుచేసింది, వాడికి నువ్వు చేసే చిల్లుల బిస్కెట్లంటే ప్రాణం కదా అని.

అరగంటకి శరత్ కిందికి దిగొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"దగ్గరికొచ్చింది వదినా. ముక్కు పెట్టబోయి, ఎవరో అదిలించినట్టు ఎగిరిపోయింది. పైన నేను తప్ప ఎవరూ లేరు."

గోడకి చేరగిలబడి ఉన్న కనకలక్ష్మి కళ్లు తెరిచింది. "బతికున్నవాడికి పెడితే కాకి ముట్టదురా. మా అమ్మ చెప్పేది."

"అమ్మా, మొదలుపెట్టకు."

"ఇవాళ కూడా ముట్టకపోతే, నేనే పోయి ఎస్పీ ఆఫీసు ముందు కూర్చుంటా. నా కొడుకు ఎక్కడో ఉన్నాడు, ఊరూరా వెతకండి అంటా."

అలేఖ్య చప్పున అటు తిరిగింది. "అలా అనకండి అత్తయ్యా. పిండి ఇంకా ఉంది. మళ్లీ చేస్తాను. ఈసారి ముడుతుంది."

"ముట్టకపోతే?"

"ముట్టాలి," అంది అలేఖ్య. ముట్టి, ఇదంతా ఇవాళ్టితో అయిపోవాలి. అంతకు మించి ఆమెకింకేమీ అక్కర్లేదు.

ఈసారి ట్రేకి ఆరే వేసింది. ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చుని, పిండి కరిగి, పాకి, చిల్లులు పడేదాకా కన్నార్పకుండా చూసింది. బయటికి తీసినప్పుడు మెత్తగా వంగినవి నిమిషంలో పెళుసెక్కాయి. పళ్లెంలో సర్దుకుని తనే డాబా ఎక్కింది. వెనకే శరత్ వచ్చాడు.

పన్నెండు దాటింది. ఎండకి డాబా కాలిపోతోంది. ఇందాక పెట్టిన రెండు బిస్కెట్లూ విస్తట్లో అలాగే ఉన్నాయి. వాటికి చీమ కూడా పట్టలేదు. అంత తీపికి చీమ పట్టకపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. కొత్తవి వాటి పక్కనే పెట్టింది.

కాకి పిట్టగోడ మీదే ఉంది. అది విస్తరిని చూడటం లేదు. ఆమెనే చూస్తోంది.

"ముట్టు," అంది అలేఖ్య మెల్లగా. "ముట్టి పో."

కాకి కదల్లేదు. పావుగంట గడిచింది. ఉన్నట్టుండి అది పడమటి వైపు తల తిప్పింది. ఏదో విన్నట్టు కాసేపు అలాగే ఉండి, తిన్నగా విస్తట్లోకి దూకింది. కొత్త బిస్కెట్లు వదిలేసి, ఇందాకట్నుంచీ పడి ఉన్న పాతది ముక్కున కరుచుకుంది.

"ఇందాక వద్దన్నదే తింటోంది," అన్నాడు శరత్.

ఎక్కణ్ణుంచి వచ్చాయో ఇంకో పది కాకులు వాలాయి. ఒక్కటీ అరవలేదు. బిస్కెట్లు కరకరమంటున్న చప్పుడు తప్ప డాబా మీద ఇంకే అలికిడీ లేదు.

మెట్లెక్కి వచ్చిన కనకలక్ష్మి అది చూసి కూలబడింది. "పోయావా నాయనా. నిజంగానే పోయావా," అంటూ నేల మీద చేతులు కొట్టుకుంది.

శరత్ కాకుల వైపు దణ్ణం పెట్టాడు. "అన్నయ్య శాంతించాడు. పద వదినా, అన్నం తిందాం."

అలేఖ్య చేతిలో పళ్లెం జారి పడింది. పదకొండు రోజుల్లో ఆమె ఏడవడం అదే మొదలు. ఇప్పటికి తెలిసొచ్చింది పిచ్చిదానికి అనుకున్నాడు శరత్.

ఆమె పడుతూ లేస్తూ కిందికి దిగి, గదిలో తలుపు వేసుకుంది. బీరువాలో చీరల మడతల్లోంచి చిన్న ఫోను తీసింది. అందులో ఉన్నది ఒకటే నంబరు. చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. నాలుగోసారి కూడా ఎవరూ ఎత్తలేదు.

ఇవాళ పొద్దున్న ఆరింటికి ఆ నంబరు నుంచి మాట్లాడింది రఘురామే.