ప్లాస్టిక్ పొయ్యి

నాలుగేళ్ల మేనల్లుడి పుట్టినరోజుకి నేను కొనిచ్చిన ప్లాస్టిక్ పొయ్యిని మా తమ్ముడు లాక్కుని బీరువా మీద పడేశాడు. బొమ్మ బాణలిలో పిల్లాడు వేయిస్తున్న చొక్కా బొత్తాలు గదంతా దొర్లాయి.

"మగపిల్లాడికి వంట సామాన్లేంటక్కా? నలుగురూ నవ్వరూ!"

"ఎవర్రా ఆ నలుగురు?" అన్నాను, జపమాల పక్కన పెట్టి.

"నీకు తెలీదులే. మొక్కగా ఉన్నప్పుడే వంచాలి." పిల్లాడి చేతిలో బొమ్మ తుపాకీ పెట్టాడు. "ఇదిరా మగాడి ఆట. కాల్చు!"

పిల్లాడు కాల్చలేదు. వంగి బొత్తాలు ఏరుకున్నాడు. "ఇంకా వేగలేదత్తా," అన్నాడు నాతో, మెల్లగా.

దేవుడు నాకు ఓర్పు ఇచ్చాడు. మా తమ్ముడికి మీసమిచ్చి ఊరుకున్నాడు.

ఇంతలో తమ్ముడు గడియారం చూసి ఉలిక్కిపడ్డాడు. తెల్ల ఏప్రన్ కట్టుకుని, తన పొడుగు గరిటె చంకలో పెట్టుకుని హోటల్‌కి బయలుదేరాడు. అక్కడ పెద్ద వంటవాడు తనే. పన్నెండేళ్లుగా ఈ ఇంటిని పోషిస్తున్నది ఆ గరిటే.

పిల్లాడు తుపాకీ పట్టుకుని గుమ్మం దాకా పరిగెత్తాడు.

"నాన్నా, గరిటె వద్దు. నలుగురూ నవ్వుతారు. ఇది పట్టుకెళ్లు."