పది రోజుల గుర్తు

“వైరు ముట్టుకోకు!”

పై అధికారి లో సార్ అరుపుకి యూఛిన్ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆఫీసు గడప లోపల ఎంతటివారికైనా ఆయన లో సారే, ఆయన మాటే రూలు.

హువాలియన్ ఊరి నుంచి లారీలో వచ్చిన ఆ యంత్రం తైపే ఆఫీసు బల్ల మీద మూడు రోజులుగా పడి ఉంది. భూకంపానికి కరెంటు పోయి, పద్దెనిమిది రోజులుగా ఆగి ఉన్న యంత్రమది. బుద్ధిగా పనిచెయ్యాలని దాని నెత్తిన పెట్టిన ఆకుపచ్చ క్వైక్వై చిరుతిండి పొట్లం ఇంకా అలాగే ఉంది.

“గడువు దాటిన పొట్లం పెడితే యంత్రం మాట వింటుందా?” అంటూ లో సార్ దాన్ని తీసేశాడు. “ముందు లోపలున్నదంతా తుడిచెయ్యి. తర్వాతే మిగతా రెండింటితో కలుపు.”

ఎందుకో యూఛిన్‌కి తెలియకేం! జనం దాచుకునే ఫొటోలూ మాటలూ మూడు ఊళ్ళలోని ఇలాంటి మూడు యంత్రాల్లో మూడు కాపీలుగా ఉంటాయి. ఎవరైనా ఒకటి చెరిపేస్తే, చెరిపినట్టు ఒక గుర్తు పది రోజులు నిలుస్తుంది. ఆలోగా మూడు యంత్రాలూ ఆ గుర్తు చూసి తమ కాపీ తీసేస్తాయి. అంతకు మించి నిద్రపోయి లేచిన యంత్రానికి ఆ కబురే అందదు. పాత సరుకంతా కొత్తదనుకుని మిగతావాటికి పంచిపెడుతుంది. చెరిపేసినవన్నీ మళ్ళీ లేచి కూర్చుంటాయి.

యూఛిన్‌కి కావలసింది సరిగ్గా అదే.

“అమ్మ గొంతు సార్. భూకంపం వచ్చిన రెండో రోజు, ఇంట్లో ఒకరు ఫోను ఖాళీ చేస్తూ పొరపాటున చెరిపేశారు. ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు.”

లో సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“పద్నాలుగు సెకన్ల మాట కోసం లక్షల మంది వద్దనుకున్నవన్నీ లేపుతావా? వదిలేసిన మొగుడి ఫొటో పొద్దున్నే ఫోనులో ప్రత్యక్షమైతే ఆ ఇల్లాలికి ఏం చెప్తావు?”

“ఆ ఒక్కటే తీసుకుంటాను.”

“వెతకాలంటే అందరివీ తెరవాలి. చెరిపేశాక ఎవరూ చూడరని మాటిచ్చాం.”

“గుర్తులు నెల ఉంచుదామంటే, వెతుకులాట నత్తనడక అవుతుందని పది రోజులకి కుదించింది మీరే. నెల ఉంటే ఈ చెరిపే పాపం ఆ గుర్తులే చేసేవి. ఇప్పుడు నా చేత చేయిస్తున్నారు. మీది గుండెనా, ఇనప బీరువానా?”

“వేగం కావాలనుకున్నాం. దాని ఖరీదు ఇది. రెండూ కుదరవమ్మాయ్.”

అంత నిబ్బరం ఉన్న మనిషి మూడు రోజులుగా “రేపు చూద్దాం” అంటూ ఎందుకు నాన్చాడో!

‘వానొచ్చేలా ఉంది, గొడుగు మర్చిపోకు. చారు పొయ్యి మీదుంది.’ పోయిన అమ్మ మాటలు గుర్తున్నాయి యూఛిన్‌కి. గొంతే జారిపోతోంది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుపోయింది.

“నా వల్ల కాదు సార్.”

“జరుగు. నేనే నొక్కుతాను. ఈ చేత్తో చెరపడం రెండోసారేగా.”

ఆ చెయ్యి మీట మీదకి వెళ్ళి ఆగింది. యూఛిన్ కాసేపు చూసి, తన చెయ్యి ఆయన చేతి మీద వేసింది. ఇద్దరూ కలిసే నొక్కారు.

యంత్రం ఖాళీ అయ్యేసరికి సాయంత్రమైంది. లో సార్ కొత్త పొట్లం తెచ్చి దాని మీద పెట్టాడు. మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు, లేవలేదు. బయట వాన మొదలైంది.

యూఛిన్ బ్యాగులోంచి గొడుగు తీసింది. ఉన్నది ఒక్కటే. మెల్లగా ఆయన భుజం తట్టింది.

“ఇంటికి పద నాన్నా.”