బండి ఎవరి మాట వింటుంది?

“అది బండి కాదు, మేడ. నీ వల్ల కాదని ఎన్నిసార్లు చెప్పాలి?” అన్నాడు అన్న, పరుపుల షాపు ముందు ఆగి ఉన్న పికప్ ట్రక్కు వైపు చెయ్యి చూపిస్తూ.

“పొద్దున షోరూమువాళ్లది నడిపి చూపించానుగా,” అంది చెల్లెలు.

“చూశాను. నీ పక్కన కూర్చుని నేను పడ్డ పాట్లు నాకు తెలుసు.”

నిజానికి అతను చూసింది ఏమీ లేదు. బండి కదిలినప్పటి నుంచి ఆగేదాకా పైనున్న పిడి పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాడు.

మొక్కల నర్సరీ ఇద్దరిదీ. కుండీలు జనాల ఇళ్లకు చేర్చడానికి కొత్త పికప్ కొనాలన్నంతవరకు ఇద్దరిదీ ఒకే మాట. తనే నడుపుతానని ఆమె పట్టు, డ్రైవరును పెడదామని అతని పట్టు. ప్రాణంలా పెంచుకున్న మొక్కల్ని ఎవరో గుంతల్లో ఎగరేసుకుంటూ తీసుకెళ్లి గుమ్మంలో పడేసి వస్తారని తలుచుకుంటేనే ఆమెకు కడుపు మండిపోతోంది. అందుకే ఒక ఒప్పందానికి వచ్చారు. ఇదే మోడల్ బండి వాడుతున్నవాళ్లను ముగ్గుర్ని అడగాలి. దీన్ని ఆడవాళ్లు నడపగలరని వాళ్లలో ఒక్కరైనా అంటే తాళాలు ఆమెకు. లేదంటే డ్రైవరుకు, ఆమె ఇక జన్మలో ఆ ఊసెత్తకూడదు.

ఆ ముగ్గురిలో ఇద్దరి వంతు అయిపోయింది. ఇసుకా కంకరా అమ్మే ఆసామి, “బండి బంగారం. ఎంత వేసినా కిమ్మనదు. ఆడవాళ్లంటారా...” అని ఆగి, నవ్వి ఊరుకున్నాడు. వంటల కాంట్రాక్టరు అసలు మాటే వదిలేసి తన గోడు వెళ్లబోసుకున్నాడు. “ఈ కొత్త బండ్లకి నోరెక్కువండీ. బెల్టు పెట్టుకోకపోతే గోల, తలుపు సరిగ్గా పడకపోతే గోల, వెనక కుక్క అడ్డొచ్చినా గోల. ఇంట్లో వినేది చాలదన్నట్టు.” ఆడవాళ్ల సంగతేమిటని చెల్లెలు గుర్తుచేస్తే, “వద్దమ్మా, నీకెందుకా తంటా,” అనేశాడు.

ఇక మిగిలింది పరుపుల షాపాయన ఒక్కడే.

ఆయన లోపలి నుంచి వచ్చాడు. తలుపంత మనిషి. డబుల్ కాట్ పరుపును దిండులా చంకలో ఇరికించుకుని వచ్చి, బండి వెనక బాడీలోకి విసిరాడు. ఆ చేతులు చూసి అన్న ముఖం వెలిగిపోయింది. చెల్లెలికి ఉన్న కాస్త ఆశా సన్నగిల్లింది. అయినా తొణక్కుండా ముందుకొచ్చి, బండి కొనబోతున్నామని, నాలుగు మాటలు చెప్పమని అడిగింది.

“నాలుగేం ఖర్మ, కూర్చోండి, సాయంత్రందాకా చెప్తాను,” అన్నాడాయన. “పెద్ద బండి కొన్నాక చిన్న బండి ఎక్కబుద్ధి కాదండీ. సీటులో కూర్చుంటే రోడ్డంతా మన కింద ఉన్నట్టుంటుంది. వర్షం వస్తే అద్దం తుడిచేది దానంతటదే ఆడుతుంది. ఏసీ అంటారా, ఎండాకాలం దిగాలనిపించదు.”

“స్టీరింగు బరువేమో?” అన్నాడు అన్న, తనకు కావలసిన జవాబు కోసం.

“వేలు పెడితే తిరుగుతుంది.”

“అంత ఎత్తు ఎక్కడం?”

“పక్కన మెట్టు వేయించాం. మోకాళ్ల నొప్పులున్నా ఎక్కేయొచ్చు.”

“మరి రివర్సు?”

షాపాయన పకపకా నవ్వాడు. “ఈ సందు చూశారుగా. అటు గోడ, ఇటు గోడ. రోజూ వెనక్కి వచ్చి ఇక్కడే ఆగుతుంది. ఇంతవరకు గీత పడలేదు. కావాలంటే చుట్టూ తిరిగి చూసుకోండి.”

చెల్లెలు నిజంగానే చుట్టూ తిరిగి చూసింది. ఎక్కడా చిన్న గాటు కూడా లేదు. బండి మీద ఆమెకు ముచ్చట ఇంకా పెరిగింది, దాంతోపాటు దిగులూ పెరిగింది. ఇంత మంచి బండిని రేపు ఎవరో నడుపుతుంటే తను గేటు దగ్గర నిలబడి చూడాలి.

“ట్రాఫిక్‌లో ఎలా ఉంటుందండీ?” అని తనే అడిగింది.

“దర్జాగా ఉంటుందమ్మా. ఆటోలవాళ్లు కూడా తప్పుకుంటారు. హారను కొట్టే పనే లేదు. ఒకసారి అద్దం దించి అలా చూస్తే చాలు, దారి ఇచ్చేస్తారు.”

అన్నకు ఇంతకన్నా ఏం కావాలి? మీసం సవరించుకున్నాడు.

“విన్నావుగా. ఆ చూపు నీకుందా? ఆ చేతులు నీకున్నాయా?” అన్నాడు చెల్లెలితో.

“బండి నడవాల్సింది ఇంజనుతో, నా చేతులతో కాదు,” అంది ఆమె. గొంతులో ఉక్రోషం దాచుకోలేకపోయింది.

“సరే, ఆయన్నే అడుగుదాం. ఆయనేమంటే అదే. మళ్లీ మాట మార్చకూడదు.”

“మార్చను.”

అన్న షాపాయన వైపు తిరిగి, నెగ్గేశానన్న ధీమాతో అడిగాడు. “దాచకుండా చెప్పండి. ఇదంతా మీ మహిమ కాదూ? మీలాంటి కండలు తిరిగిన మగాడు నడిపితే ఏ బండైనా చెప్పినట్టు వింటుంది. ఇదే బండి ఆడవాళ్ల చేతికిస్తే వింటుందంటారా?”

షాపాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“నన్నడుగుతారేంటండీ, నాకు సైకిలు తొక్కడమే రాదు. బండి నడిపేది మా అత్తగారు.”