గోడమీద పంట

"గోడ మీది నా మొగ్గలేవీ?"

గోడ దగ్గర నిలబడి యేసుపాదం అరిచిన అరుపుకి వీధిలో పడుకున్న కుక్క లేచి కూర్చుంది.

నిలువెత్తు గోడ. దాని మీంచి పక్కింటి వెంకాయమ్మ తల పైకొచ్చింది. స్టూలెక్కినట్టుంది. తలస్నానం చేసిన జుట్టు, చేతిలో పూలసజ్జ. సజ్జ నిండా ఎర్ర గులాబీలు.

"ఇప్పుడే కోశాను అన్నయ్యగారూ. శనివారం కదా, స్వామికని..."

"మొక్క నాదమ్మా! వేళ్ళు నా దొడ్లో ఉన్నయ్!"

"పూసింది మా వైపే కదా అని..."

అక్కడే ఆయనకి మండేది. తీగ గులాబీ నాటింది తను. టీ పొడి, గుడ్డు పెంకులు వేసి, భార్య పుల్లమ్మ చేపలు కడిగిన నీళ్ళు పోసి, ఎండుకొమ్మలు కత్తిరించి సాకింది తను. ఆ తీగకేమో ఎండ కావాలి. ఎండంతా వెంకాయమ్మ వైపే. గోడెక్కి, అక్కడ చిక్కులు పడి, అటు దూకి గుత్తులు గుత్తులుగా పూస్తుంది. ఇటు చూస్తే ఏవో నాలుగు సన్నకొమ్మలు, వాటికి గట్టి మొగ్గలు. అంతే.

అది కూడా ఓర్చుకునేవాడే. కానీ తెల్లారితే కోతపండగ. చర్చికి ఎవరి పంట వాళ్ళు తెస్తారు. మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయలు, కోడిపెట్టలు. మిర్చి యార్డులో టిక్కీ బస్తాలు కాటా వేసే యేసుపాదానికి సెంటు పొలం లేదు. ఏటా బజార్లో కొన్న గుమ్మడికాయ పట్టుకెళ్ళి వెనక వరసలో కూర్చునేవాడు. ఈసారి మాత్రం పాస్టరు గారికి అందరి ముందూ చెప్పేశాడు, "అయ్యగారూ, ఈ ఏడు ప్రభువు బల్ల మీద పూలు నావి. కొన్నయ్ కాదు, పండించినయ్" అని.

"రేపు నేనేం మొహం పెట్టుకుని పోవాలమ్మా చర్చికి?"

సంగతి విని వెంకాయమ్మ నొచ్చుకుంది. "అయ్యో, నాకు తెలీదే! ఇవి తీసుకోండి అన్నయ్యగారూ. ఇంకా పటాలకి పెట్టలేదు" అని సజ్జ గోడ మీంచి చాపింది.

"మీ స్వామి పేరు చెప్పి కోసిన పూలు మా ప్రభువుకి ఎట్టా పెడతానమ్మా? ఆయనకీ బాగుండదు, ఈయనకీ బాగుండదు."

అని విసురుగా లోపలికెళ్ళి కత్తి పట్టుకొచ్చాడు.

"ఏందయ్యా ఇది? ఆమె పూలు కోస్తే మొక్కేం చేసింది?" అని పుల్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"నాకు పూయంది ఎవరికీ పూయొద్దు!"

మొదలంటా నరికేశాడు. మణికట్టు లావు మొదలు. గోడవతల వెంకాయమ్మ తల కిందికి దిగిపోయింది.

మధ్యాహ్నానికి కోపం దిగింది. సిగ్గు మాత్రం దిగలేదు. ఆ రోజంతా ముద్ద నోట్లో పెట్టలేదు.

ఆదివారం పొద్దున్నే ఎండుతీగ లాగేద్దామని దొడ్లోకొచ్చాడు. గోడ మీంచి అటు వాలిన తీగంతా ఉడికిన తోటకూరలా వేలాడుతోంది. ఇటు వైపు చూసి అక్కడే నిలబడిపోయాడు. నిన్నటి గట్టి మొగ్గలు విచ్చుకున్నాయి! నిండుగా, మంచుతో తడిసి.

"పుల్లమ్మా! ఇట్టా రా!"

పుల్లమ్మ వచ్చి నరికిన మొదలు చూసింది. పూలు చూసింది. మళ్ళీ మొదలు చూసింది. "దేవా, నీకు స్తోత్రం" అని కొంగు తలమీద కప్పుకుంది.

చర్చిలో ఆ పూలు బల్ల ఎక్కాయి. దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పే వేళకి యేసుపాదం వెనక వరసలోంచి లేచి ముందుకెళ్ళాడు.

"కోపంతో నేను నరికాను. వేరు లేని తీగకి ఆయన పూయించాడు. పొలం లేని నాకూ ఒక పంట ఇచ్చాడు."

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు గారు మైకులోనే, "ప్రార్థన అయ్యాక అందరం వెళ్ళి చూద్దాం" అన్నారు.

నాలుగు ఆటోల జనం దిగారు. దొడ్డంతా సెల్‌ఫోన్లే. ఒక ముసలామె మోకాళ్ళ మీద కూర్చుని నరికిన మొదలు దగ్గర మన్ను తీసి కొంగున ముడేసుకుంది. పుట్టి బుద్ధెరిగాక యేసుపాదం మాట అంతమంది ఎప్పుడూ వినలేదు. "ఇదీ నేను నరికిన మొదలు, అవీ ఆయన పూయించిన పూలు" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు.

"అన్నయ్యగారూ, ఒక్కమాట" అని గోడ మీంచి మెల్లగా పిలిచింది వెంకాయమ్మ.

యేసుపాదం తలొంచుకుని గోడ దగ్గరికెళ్ళాడు. "నిన్న నోరు జారాను చెల్లెమ్మా. మనసులో పెట్టుకోబాక."

"అదేం లేదండీ." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "మీ తీగంతా మా వైపే పూస్తుంటే నాకే మనసొప్పక, నిరుడు మీరు కత్తిరించి పారేసిన కొమ్మొకటి మా వైపు నాటి, మీ దొడ్లోకి పాకించాను. పాస్టరు గారు మా గేటు దగ్గర నిలబడి ఇటు నుంచి కూడా ఫోటో తీసుకుంటానంటున్నారు. రమ్మనమంటారా?"