గిజిగాడి తలుపు

"పాము దూరిందిరోయ్, పాము!" ఉడుత కేక సందు చివరిదాకా వినబడింది. అందరూ కాపురముండే ఉమ్మడి తొర్రలో గువ్వ పెట్టిన రెండు గుడ్లలో ఒకటి పోయింది.

మిగిలినదాన్నైనా కాపాడదామని గిజిగాడు ఒక్క పూటలో గడ్డితలుపు అల్లేసి, తాబేలు మావ ముందు పెట్టాడు. ఆయన తనిఖీ చేసి సరేనంటేనే కదా, తొర్రలోకి పుల్లయినా వెళ్ళేది!

"పనితనం భేషురా అల్లుడూ! మరి ఈ కొబ్బరిపీచు ఎవరిది? అడిగే తెచ్చావా?"

"కాకిది మావా. ముందు తలుపు బిగిద్దాం, తర్వాత అడుగుతాను."

"అమ్మో! నిరుడు చూడకుండా చాపని రానిస్తే, దాంతో చెదలొచ్చి సగం తొర్ర తినేశాయి."

గిజిగాడు ఏరు దాటి వెళ్ళి, కాకి చేత సరేననిపించుకొచ్చాడు.

"బాగుంది. రేపు నువ్వు లేకపోతే ఈ ముడి బాగుచేసేదెవరు? ఇంకొకరికి నేర్పు."

ఉడుతకి ముడి నేర్పేసరికి రెండ్రోజులు పట్టింది. మూడోనాడు తలుపు బిగించారు. పాము ముందురోజే వచ్చి, ఆ రెండో గుడ్డూ మింగి వెళ్ళింది.

కొత్త వస్తువు చేరితే అందరూ కలిసి తినడం తొర్ర ఆనవాయితీ. తలుపు మూసి బంతికి కూర్చున్నారు. గువ్వా వచ్చి కూర్చుంది.

"ఒక్క లోపం లేదు చూడు!" అన్నాడు తాబేలు మావ, గింజలు వడ్డిస్తూ.

గిజిగాడు తల ఎత్తకుండా తిన్నాడు.