పెట్టె వచ్చేదాకా

పక్కింటి నవనీత తెచ్చిన జొన్నరొట్టె యాదవ్వ గొంతు దిగడం లేదు.

"తిను అత్తా. ఎట్లయినవో అద్దంల చూసుకున్నవా?" నవనీత పళ్లెంలో ఇంకాస్త పప్పు వేసింది. నుదుట ఎర్రటి బొట్టు. యాదవ్వ అటు చూడలేకపోయింది.

"వద్దు బిడ్డా. ఆకలైతలేదు."

"వద్దంటె ఊకుంటనా? మీ అల్లుడు నన్ను తిడ్తడు, మా అత్తను పస్తు పండవెట్టినవా అని." నవ్వబోయి ఆగింది. తర్వాత మెల్లగా అంది. "ఫోనైతే చేస్తలేడు గని, వస్తుండట అత్తా. సదానందం మామ చెప్పిండు."

యాదవ్వ చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేసింది.

నవనీత భర్త, యాదవ్వకు వరసకు అల్లుడయ్యే అరుణ్‌కుమార్, యాదవ్వ కొడుకు ఓదెలు దుబాయిలో ఒకే కంపెనీ, ఒకే గది. వారం కింద ఊరి పెద్దమనిషి సదానందం వచ్చి గుమ్మంలో నిలబడగానే యాదవ్వ గోడ పట్టుకుని కూలబడింది. కొడుకు ఒక్క పూట ఫోన్ చేయకపోతే చెడే తలచే మనిషి ఆమె. అది తెలిసిన సదానందం తడబడ్డాడు.

"అరుణ్ పోయిండక్కా. కంపెనీ బండి పల్టి కొట్టిందట."

"నా కొడుకో?"

సదానందం కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మంచిగున్నడు. శవాన్ని పంపే కాయితాల కోసం ఓదెలే తిరుగుతుండు. ఫోన్ చెయ్యకుంటె పరేషాన్ కాకు."

యాదవ్వకు ప్రాణం లేచివచ్చింది. వెంటనే సిగ్గేసింది. ఆ సిగ్గు మళ్లీ వదల్లేదు. కళ్లు మూస్తే అరుణ్ కనిపిస్తాడు. గుమ్మంలో ఊరికే నిలబడి చూస్తాడు.

"శవం పెట్టె వచ్చేదాకా నవనీతకు చెప్పద్దు," అన్నాడు సదానందం. "చెప్తె పిల్ల ఆగమైతది. మంది సంసారంల మనం ఏలు పెట్టద్దక్కా."

"నాకైతే ఎంబడే చెప్పుమంట తమ్మీ. తెల్వక నవ్వుడు కన్న తెలిసి ఏడ్సుడు మేలు."

సదానందం కండువా భుజాన వేసుకున్నాడు. తల దించుకుని వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి వాడకట్టు మారిపోయింది. బోరింగు దగ్గర యాదవ్వ బిందె పెట్టగానే ఆడవాళ్ల మాటలు ఆగిపోయేవి. నవనీత గానీ వస్తోందా అని ఆమె వెనక్కి తిరిగి చూసేది. ఎవరూ ఉండేవారు కాదు.

ఇప్పుడు ఏకంగా 'వస్తుండట' అని ఆ పిల్లకు ఆశ పెట్టారు.

ఊరు ఏమన్నా అననీ అనుకుంది యాదవ్వ. రొట్టె పక్కకు నెట్టి, ఖాళీ గిన్నె తీసుకుని వెళ్లబోతున్న నవనీత చెయ్యి పట్టుకుంది.

"కూసో బిడ్డా. నీకొక ముచ్చట చెప్పాలె. మనసుల దాసిపెట్టుకునుడు నాతోని అయితలేదు. గా దుబాయిల... బండి..."

కొంగు నోట్లో కుక్కుకుని వెక్కింది.

నవనీత చేతిలోని గిన్నె కింద పడింది. చటుక్కున వంగి యాదవ్వను గుండెకు హత్తుకుంది.

"నీకు తెలిసిందా అత్తా? ఎవలు చెప్పిండ్రు? మేమంత నోరు కుట్టుకొనే ఉన్నం గదా..."

యాదవ్వ ఏడుపు ఆగిపోయింది. ఆమె వీపు నిమురుతూ నవనీత అంది:

"మీ ఓదెలు పెట్టెను ఒంటరిగ పంపరత్తా, మీ అల్లుడు దగ్గరుండి తీస్కొస్తుండు."